తుంటిలో రక్తపు కాలువలు అందరికీ ఒకేలా పారవు

జ్వరం వచ్చినా, నడుం పట్టేసినా, కోతల రోజుల్లో ఒళ్లు నొప్పులు పుట్టినా పల్లెల్లో మొదట అడిగేది సూది మందు. మాత్రలు రాసిచ్చి పంపిన డాక్టరు మీద చాలామందికి నమ్మకం కుదరదు. సూది పడితేనే ఇచ్చిన డబ్బు గిట్టినట్టు. బల్ల మీద బోర్లా పడుకోవడం, పంచె కాస్త కిందికి జార్చడం, స్పిరిటు దూది చల్లగా తగలడం, చురుక్కుమనడం, అక్కడ రుద్దుకుంటూ ఇంటికి రావడం - అంతా కలిపి రెండు నిముషాల పని. పొడిచినవారికి గాని, పొడిపించుకున్నవారికి గాని ఆ చర్మం కింద ఏముందన్న ఆలోచన రాదు. అక్కడ ఉన్నదంతా కండే కదా అన్న ధీమా.

కండ ఉన్న మాట నిజమే. మనిషి ఒంట్లో అన్నిటికన్నా పెద్ద కండ పిరుదులో ఉన్నదే. కాని ఆ కండను దాటి లోపలికి పోతే రెండు పెద్ద ధమనులు, వాటిని ఆనుకుని సిరలు, ఒంట్లోకెల్లా లావైన నరం ఉంటాయి. పైగా ఆ ధమనులు అందరికీ ఒకే చోట పుట్టవు, ఒకే దారిన పోవు. ఒక మనిషి ముఖానికీ మరో మనిషి ముఖానికీ పోలిక లేనట్టే తుంటి లోపల కూడా పోలిక ఉండదు. ఆ మాటకొస్తే ఒకే మనిషిలో కుడి పక్క ఉన్నట్టు ఎడమ పక్క ఉండకపోవచ్చు. శవాలను కోసి చూసిన శరీర శాస్త్రజ్ఞులు ఈ సంగతి ఏనాడో రాసిపెట్టారు. సూది పొడిచే చేతులన్నిటికీ అది ఇంకా చేరినట్టు లేదు.

ముందు ఒక మాట చెప్పుకోవాలి. మన వాడుకలో రక్తం పారేదీ నరమే, స్పర్శ తెలిపేదీ నరమే, కండను ఎముకకు కట్టి ఉంచే తాడూ నరమే. అందుకే "సూది నరం మీద పడింది" అంటే ఏది దెబ్బతిన్నదో అర్థం కాదు. గుండె నుంచి మంచి రక్తాన్ని తీసుకెళ్లేది ధమని. అది కొట్టుకుంటుంది. మణికట్టు దగ్గర నాడి చూసేది దాని మీదే. రక్తాన్ని తిరిగి గుండెకు చేర్చేది సిర. స్పర్శనూ, కదలమన్న ఆజ్ఞనూ మోసేది నరం. అందులో రక్తం పారదు. తుంటిలో ఈ మూడూ ఒకదాన్ని ఒకటి ఒరుసుకుని ఉంటాయి. ఒకదాని కోసం వెతికితే మూడూ తగులుతాయి.

డెల్టా కాలువల్లాగే

గోదావరి జిల్లాల రైతుకు ఈ సంగతి కాలువల లెక్కలో చెబితే తేలిగ్గా తెలుస్తుంది. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట 1852లో పూర్తయింది. అక్కడి నుంచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు ప్రధాన కాలువలు పోతాయి. వాటి నుంచి పంట కాలువలు, వాటి నుంచి బోదెలు. చివరికి నీరు పొలం చేరుతుంది. ఒంట్లో రక్తం సంగతీ ఇంతే. గుండె నుంచి బయల్దేరిన మహాధమని వెన్నెముకకు ముందుగా దిగి, ఇంచుమించు బొడ్డు ఎత్తులో రెండు పాయలుగా చీలుతుంది. ఒక్కో పాయ మళ్లీ రెండవుతుంది. వాటిలో ఒకటి గజ్జ మీదుగా తొడ ముందు వైపుకు పోయి కాలంతటికీ రక్తం ఇస్తుంది. రెండోది కటి ఎముకల గుంటలోకి దిగి మూత్రాశయానికి, స్త్రీలలో గర్భాశయానికి, తుంటికి రక్తం పంచుతుంది.

ఈ రెండో పాయకు పుట్టే కొమ్మల్లో రెండు వెనక్కి తిరిగి పిరుదులోకి వస్తాయి. ఒకటి పై పిరుదు ధమని, మరొకటి కింది పిరుదు ధమని. డాక్టర్లు సుపీరియర్ గ్లూటియల్, ఇన్ఫీరియర్ గ్లూటియల్ అంటారు. పైది ఆ పాయ కొమ్మలన్నిటిలోకీ లావైనది. మూడో కొమ్మ మర్మావయవాల వైపు పోయేది. దాన్ని గుహ్య ధమని అందాం.

లోపలి గుంటలోంచి బయటికి రావడానికి ఎముకల మధ్య ఒక సందు ఉంది. ఆ సందు ఖాళీగా ఉండదు. దాని నడుమగా జామకాయ ఆకారంలో ఒక కండ అడ్డంగా పోతుంది. దాని పేరు పైరిఫార్మిస్. ఆ కండకు పైనుంచి పై ధమని, కిందనుంచి కింది ధమని బయటపడతాయి. కాలి నరం, అంటే సయాటిక్ నరం కూడా ఎక్కువమందిలో ఆ కండ కిందనుంచే వస్తుంది. మొదట్లో దాని వెడల్పు బొటనవేలంత. ఆయుర్వేదంలో గృధ్రసి వాతం అని చెప్పే నొప్పి ఈ నరం దారినే పిక్క దాకా పాకుతుంది.

ఇంతవరకూ పుస్తకంలో బొమ్మ. వైద్య కళాశాలలో మొదటి సంవత్సరం విద్యార్థి ఈ బొమ్మ చూసి కంఠస్థం చేస్తాడు. తర్వాత శవాన్ని బోర్లా పడుకోబెట్టి, పెద్ద కండను కోసి పక్కకు మడిచి చూస్తే బొమ్మకూ ఎదురుగా ఉన్నదానికీ పొత్తు కుదరదు. పక్క బల్ల మీద ఉన్న శవంలో ఇంకోలా ఉంటుంది. కుర్రాళ్లు తాము తప్పు కోశామనుకుని భయపడతారు. తప్పు వారిది కాదు.

జపాను ఆచార్యుని లెక్క

జపానులో క్యోటో విశ్వవిద్యాలయంలో బుంతారో అదాచీ అనే శరీర శాస్త్ర ఆచార్యుడు ఉండేవాడు. తన దేశస్తుల శవాల్లో ధమనుల దారులన్నిటినీ ఓపికగా చూసి 1928లో పెద్ద గ్రంథం ప్రచురించాడు. పై పిరుదు ధమని, కింది పిరుదు ధమని, గుహ్య ధమని - ఈ మూడూ ఎలా పుడుతున్నాయో చూసి మనుషులను రకాలుగా విడదీశాడు. ఈనాటికీ ప్రపంచమంతటా ఆ లెక్కే వాడుతున్నారు.

ఆయన చెప్పినదాన్ని కాలువల భాషలో చెప్పుకోవచ్చు. మొదటి రకంలో పై ధమనికి తన తూము తనకుంది. కింది ధమనికీ గుహ్య ధమనికీ కలిపి ఒకే తూము. ఎక్కువమంది ఈ రకమే. చాలా దేశాల లెక్కల్లో సగం మంది, కొన్నిచోట్ల అంతకు మించి ఇందులోకే వస్తారు. రెండో రకంలో పిరుదుకు పోయే రెండు ధమనులూ ఒకే తూము నుంచి పుట్టి తర్వాత విడిపోతాయి. గుహ్య ధమని వేరు. మూడో రకంలో మూడింటికీ మూడు తూములు. నాలుగో రకంలో మూడింటికీ కలిపి ఒకటే. ఐదో రకం మరీ అరుదు. అందులో పై ధమని, గుహ్య ధమని జత కడతాయి.

ఇది పుట్టుక సంగతి. పోయే దారిలోనూ తేడాలున్నాయి. కొందరిలో పై ధమని లావుగా ఉండి కిందిది దారంలా సన్నబడుతుంది. అప్పుడు కింది పొలానికి కూడా పై కాలువే నీరిస్తుంది. కొందరిలో ఇది తిరగబడుతుంది. నరం కూడా ఊరుకోలేదు. అమెరికాలో బీటన్, ఆన్సన్ అనే ఇద్దరు 1937లో సయాటిక్ నరానికీ జామకాయ కండకూ ఉన్న పొత్తును ఆరు విధాలుగా రాశారు. నూటికి ఎనభై మందికి పైగా నరం మొత్తం కండ కిందనుంచే వస్తుంది. మిగిలినవారిలో నరం ముందే రెండుగా చీలి, ఒక చీలిక కండను పొడుచుకుని రావడమో, పైనుంచి దూకడమో జరుగుతుంది. అంటే నూరుగురు ఉన్న జనంలో పది పదిహేను మంది నరం పుస్తకం చెప్పిన చోట ఉండదు. ఎవరి నొసటా అది రాసి ఉండదు.

మన పూర్వులకు తుంటి ప్రమాదకరమైన చోటన్న సంగతి తెలుసు. సుశ్రుత సంహితలో 107 మర్మస్థానాలు చెప్పారు. వాటిలో వీపు వైపు, నడుముకు దిగువన ఉన్నవాటిలో కటీకతరుణం, కుకుందరం అనేవి రెండు. మొదటిదానికి దెబ్బ తగిలితే రక్తం పోయి మనిషి పాలిపోయి చనిపోతాడని, రెండోదానికి తగిలితే నడుము కింద స్పర్శ, కదలిక పోతాయని అందులో ఉంది. ఒకటి ధమని గొడవ, ఒకటి నరం గొడవ. శవాన్ని గడ్డిలో చుట్టి పంజరంలో పెట్టి పారే నీటిలో ఏడు రాత్రులు ఉంచి, మెత్తబడ్డాక పొర పొరా గీకి చూడమని కూడా అదే గ్రంథం చెప్పింది. ఆ కాలానికి అది చిన్న విషయం కాదు.

సూది ధమనిలో పడితే

ఇప్పుడు బల్ల మీద బోర్లా పడుకున్న మనిషి దగ్గరకు వద్దాం. కండలో పడవలసిన మందు పొరపాటున ధమనిలోకో, దాని గోడ పక్కకో పోతే ఏమవుతుంది? ఈ సంగతి బయటపడి వందేళ్లు దాటింది. ఆ రోజుల్లో సిఫిలిస్ అనే సుఖవ్యాధికి బిస్మత్ అనే లోహపు మందును పిరుదులో పొడిచేవారు. కొందరికి సూది తీసీ తీయకముందే భరించలేని నొప్పి వచ్చేది. పొడిచిన చోట చర్మం తెల్లగా పాలిపోయేది. కొన్ని గంటల్లో నీలంగా, వల పరిచినట్టు మచ్చలు పడేవి. ఆ తర్వాత ఆ మేర చర్మం, కొవ్వు, ఒక్కోసారి కండ కూడా చచ్చి నల్లబడేవి. జర్మనీలో ఫ్రాయిడెంటాల్ 1924లో, నికొలావ్ 1925లో ఈ ఉపద్రవాన్ని రాశారు. నికొలావ్ పేరే దానికి నిలిచిపోయింది.

బిస్మత్ పోయింది. ఉపద్రవం పోలేదు. తర్వాత కాలంలో పాలలాంటి చిక్కని పెన్సిలిను, నొప్పులకు వేసే డైక్లోఫెనాక్ వంటి మందులతోనూ ఇలా జరిగినట్టు డాక్టర్లు రాశారు. మన దేశంలోనూ జరిగాయి. మందు రేణువులు సన్నని ధమనులను మూసివేయడమో, మందు మంటకు ధమని బిగుసుకుపోవడమో కారణమని చెబుతారు. కాలువకు గండి పడకపోయినా పూడిక పడితే చివరి పొలం ఎండినట్టే. ఇది అరుదు. కాని పడ్డవారికి అరుదు అన్న మాట ఓదార్పు కాదు. చిన్న పిల్లలకు జరిగినప్పుడు కాలు దాకా చచ్చుబడిన సందర్భాలున్నాయి.

కాబట్టి గుర్తు పెట్టుకోవలసింది ఒకటుంది. సూది నొప్పి మామూలే. ఒకటి రెండు రోజులు సలపరించడమూ మామూలే. సూది పొడవగానే కేక పెట్టేంత నొప్పి, చుట్టూ చర్మం తెల్లబడటం, నీలి మచ్చలు తేలడం, కాలు కిందికి కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం, పాదం ఎత్తలేకపోవడం - వీటిలో ఏది కనబడినా కాపడం పెట్టుకుంటూ ఇంట్లో కూర్చోకూడదు. అదే పూట పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. ఇంకో సూదితో సరిచేస్తామన్నవారి మాట వినకూడదు.

నరం దెబ్బ ధమని దెబ్బ కన్నా ఎక్కువ చూస్తాం. జ్వరానికి సూది వేయించుకున్న పిల్లవాడు మర్నాడు కాలు ఈడుస్తాడు. చెప్పు జారిపోతుంది. పాదం ముందుకు వేలాడుతుంది. తల్లిదండ్రులు జ్వరం కాలికి దిగిందనుకుంటారు. బక్కచిక్కిన పిల్లల్లో పిరుదులో కండ పలుచన. చర్మానికీ నరానికీ మధ్య దూరం వేలెడు కూడా ఉండదు. సూది నరాన్ని తాకనక్కర లేదు, పక్కన పడ్డ మందే చాలు. పోలియో ఉన్న రోజుల్లో ఇంకో చిక్కు ఉండేది. ఒంట్లో ఆ క్రిమి చేరి జ్వరంగా ఉన్న పిల్లకు సూది వేస్తే, సూది వేసిన కాలికే పక్షవాతం వచ్చే ప్రమాదం పెరిగేది. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో బయటపడింది. 2014 మార్చిలో పోలియో లేని ప్రాంతంగా ప్రకటించారు. అయినా ఈనాటికీ పదిహేనేళ్లలోపు పిల్లల్లో హఠాత్తుగా కాలో చెయ్యో చచ్చుబడితే ప్రభుత్వ వైద్యులకు తెలపాలన్న నియమం ఉంది. అలా చూసిన కేసుల్లో సూది వల్ల నరం దెబ్బతిన్న పిల్లలు కూడా తేలుతుంటారు.

ఎక్కడ పొడవాలి

ధమనుల దారులు ఇన్ని రకాలైతే సూది ఎక్కడ పొడవాలి? పిరుదును నాలుగు భాగాలుగా ఊహించుకుని పై భాగంలో బయటి పక్క ముక్కలో వేయమన్నది పాత నియమం. నర్సులందరికీ తెలిసిందే. కాని చాలాచోట్ల ఈ కొలత తప్పుతుంది. పంచె పూర్తిగా సడలించరు. కనబడిన మేరనే పిరుదు అనుకుని దాన్ని నాలుగు చేస్తారు. అప్పుడు వారి పై భాగం అసలు మధ్యభాగం అవుతుంది. పొలం గట్టు చూడకుండా సగం పొలం కొలిచి సరిహద్దు రాయి పాతినట్టు.

సరైన కొలతకు ఎముకలే గుర్తు. నడుం కింద వెన్నుకు అటూ ఇటూ రెండు సొట్టలు కనిపిస్తాయి. సొట్ట కింద ఎముక మొన తగులుతుంది. తొడ పక్కన, చెయ్యి జారవిడిస్తే తగిలే చోట ఇంకో ఎముక గుబ్బ ఉంది. ఈ రెండిటి మధ్య గీత గీసినట్టు ఊహించుకుంటే ఆ గీతకు పైన, బయటి వైపున సూది పడాలి. ఆ గీత మీదే, సొట్ట నుంచి మూడో వంతు దూరంలో పై పిరుదు ధమని బయటికి వస్తుంది. దానికి దిగువన కింది ధమని, కాలి నరం. గీత కింద పొడిచినవారు గుడ్డిగా పొడిచినట్టే.

ఆ పై ముక్కలోనూ ధమని కొమ్మలు లేకపోలేదు. లోతు కండల మధ్యగా పై ధమని కొమ్మ ఒకటి పోతుంది. అందుకే పిరుదులో మందు వేసేటప్పుడు సూది దిగాక ఒక క్షణం ఆగి, సిరంజి పిడి కాస్త వెనక్కి లాగి రక్తం వస్తుందేమో చూడటం మంచి అలవాటు. రక్తం కనిపిస్తే తీసేసి వేరే సూదితో వేరేచోట వేయాలి. టీకాలకు ఇలా లాగి చూడనక్కర లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. టీకాలు వేసే చోట్ల పెద్ద ధమనులు లేకపోవడమే దానికి కారణం. పిరుదుకు ఆ మాట వర్తించదు.

స్విట్జర్లాండుకు చెందిన హోష్టెట్టర్ అనే వైద్యుడు 1950లలో ఇంకో చోటు చూపించాడు. తుంటికి వెనక కాదు, పక్కన. రోగి తుంటి గుబ్బ మీద అరచెయ్యి ఆనించి, చూపుడు వేలు ముందు వైపు ఎముక మొన మీద పెట్టి, నడిమి వేలు వెనక్కి చాపితే రెండు వేళ్ల నడుమ ఏర్పడే మూడు మూలల చోటు అది. అక్కడ పెద్ద ధమని గాని, పెద్ద నరం గాని లేవు. రోగి బోర్లా పడుకోనక్కర లేదు, పక్కకు తిరిగితే చాలు. ఇంత మంచి చోటు ఉన్నా మన వైపు దాన్ని వాడేవారు తక్కువే. అలవాటు అలాంటిది.

చంటి పిల్లలకైతే పిరుదు ఊసే వద్దు. ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మ టీకా తొడ మధ్య భాగంలో, ముందు నుంచి బయటి పక్కకు వేస్తుంది. కొందరు ముసలమ్మలు బిడ్డ తొడ వాస్తుందని, పిరుదుకు వేయమని తగువు పడతారు. తొడలో వేయడమే నియమం. కుక్క కరిస్తే వేసే టీకా కూడా పెద్దలకు భుజానికి, చిన్నపిల్లలకు తొడకు వేస్తారు. పిరుదులో వేస్తే కొవ్వులో ఉండిపోయి పని చేయకపోవచ్చు. బొడ్డు చుట్టూ వేసే పాత కుక్కకాటు సూదులను మన దేశంలో 2004లోనే ఆపేశారు.

ఇవన్నీ చదివి అవసరమైన సూది మానేస్తే మరో ప్రమాదం. కీళ్లజ్వరం వచ్చి గుండె కవాటాలు దెబ్బతిన్న పిల్లలకు మూడు నాలుగు వారాలకొకసారి, ఏళ్ల తరబడి పెన్సిలిను సూది పడాలి. అది ఆగితే గుండెకే ముప్పు. అలాంటి సూదిని చోటు తెలిసిన చేత వేయించుకోవాలి. ఒళ్లు నొప్పులకు, నీరసానికి మాత్రతో పోయేదానికి సూది అడిగి మరీ వేయించుకోవడమే అనవసరం.

జలగలు పట్టేవాడి కథ

తుంటిలో ధమని తెగితే ఎంత రక్తం పోతుందో వైద్య గ్రంథాల్లో ఒక పాత కథ ఉంది. స్కాట్లండులోని ఎడింబరోలో జాన్ బెల్ అనే శస్త్రవైద్యుడు 1801లో రాసింది. అతని రోగి జలగలు పట్టి అమ్ముకునేవాడు. ఒకనాడు కాలు జారి పడితే జేబులో ఉన్న పొడుగాటి కత్తెర మొన తుంటిలో దిగబడింది. పైగాయం మానింది. లోపల ధమనికి పడిన చిల్లు మానలేదు. వారాలు గడిచే కొద్దీ పిరుదు గుమ్మడికాయలా వాచింది. బెల్ రెండడుగుల పొడవున కోసి, గడ్డకట్టిన రక్తమంతా తోడి, ఎగజిమ్మే రక్తంలో చెయ్యి పెట్టి ధమనిని వెతికి పట్టుకుని కట్టేశాడు. మత్తుమందు లేని రోజులు అవి. జలగలవాడు బతికాడు.

పదేళ్ల తర్వాత ఇంకో వైద్యుడు ఇంకో ఉపాయం పట్టాడు. వెస్టిండీసులోని సెంట్ క్రాయ్ దీవిలో విలియం స్టీవెన్స్ 1812లో మైలా అనే ఆఫ్రికా బానిస స్త్రీకి పిరుదులో వచ్చిన ధమని ఉబ్బును చూశాడు. పిరుదు జోలికి పోకుండా పొట్ట పక్కన కోసి, తుంటి ధమనులకు మూలమైన పాయనే కట్టేశాడు. మూలం కడితే అటు భాగమంతా ఎండిపోవాలి కదా. ఎండలేదు. ఆమె ఏళ్ల తరబడి బతికింది. తుంటిలో ధమనులు తొడ ధమని కొమ్మలతో, అవతలి పక్క ధమనులతో సన్నని దారులు కలుపుకుని ఉంటాయి. ఒక లాకు మూస్తే పక్క బోదెల నీరు తిరిగి వస్తుంది. కొమ్మలు మనిషికోరకంగా ఉండటం డాక్టరుకు తలనొప్పి గాని, ఆ అల్లిక రోగిని కాపాడిన సందర్భాలూ తక్కువ కాదు.

మన వైపు ఈ గొడవ ఎక్కువగా తాటిచెట్టు దగ్గర వస్తుంది. మోకు తెగో, కాలు జారో గీత కార్మికుడు కింద పడితే, ట్రాక్టరు తిరగబడి కిందపడ్డవాడి మీద పడితే, కటి ఎముకలు విరుగుతాయి. వెనక భాగం ఎముక విరిగినప్పుడు ఎక్కువగా తెగేది పై పిరుదు ధమనే. అది ఎముక అంచును ఒరుసుకుని వంపు తిరిగి బయటికి వస్తుంది గనుక విరిగిన ఎముక దాన్ని కోసేస్తుంది. రక్తం బయటికి కారదు. లోపల గుంటలోనే చేరుతుంది. పైకి గాయం లేదు కదా అని మనిషిని లేపి కూర్చోబెట్టి, ఇద్దరి మధ్య మోటారు సైకిలు ఎక్కించి తీసుకెళ్తుంటారు. దారిలో ప్రాణం పోతుంది. అలాంటివాడిని లేపకూడదు, దొర్లించకూడదు. దుప్పటినో పంచెనో వెడల్పుగా మడిచి, నడుముకు కాకుండా ఇంకా కిందికి, తుంటి గుబ్బల ఎత్తున చుట్టి బిగించి కట్టాలి. మోకాళ్లు రెండూ కలిపి కట్టాలి. 108 వచ్చేదాకా పడుకోబెట్టే ఉంచాలి.

పెద్దాసుపత్రుల్లో ఇప్పుడు జాన్ బెల్ మాదిరి రెండడుగులు కోయనక్కర లేకుండా చేస్తున్నారు. గజ్జలోని ధమనిలోంచి సన్నని గొట్టం పంపి, రంగు మందు ఎక్కించి, ఎక్స్‌రే తెర మీద ఎక్కడ కారుతోందో చూసి అక్కడే మూస్తారు. ముందు మ్యాపు చూడకుండా మూయరు. అదాచీ చెప్పిన ఏ రకం తూమో తెలియకపోతే మూయవలసినది వదిలి మూయకూడనిది మూసే ప్రమాదం ఉంది. పక్షవాతంతో నెలల తరబడి మంచాన పడి పిరుదుల దగ్గర పుండ్లు పడినవారికి పక్కనున్న కండ, చర్మం జరిపి కప్పే ఆపరేషనులోనూ ఇంతే. ఏ ధమని కొమ్మ ఎక్కడ పైకి వస్తోందో చిన్న యంత్రం పెట్టి చప్పుడు విని, సిరాతో గుర్తు పెట్టుకుని, ఆ తర్వాతే కత్తి పెడతారు.

కోడికాలి ధమని

ఈ తేడాలన్నిటిలోకీ విచిత్రమైనది ఒకటి చెప్పుకోవాలి. తల్లి కడుపులో పిండం మొదటి వారాల్లో ఉన్నప్పుడు కాలికి రక్తం ఇచ్చేది తొడ ముందు ధమని కాదు. తుంటి వెనక నుంచి, కాలి నరం వెంబడి దిగే ధమని. కోడికి పెద్దయ్యాక కూడా కాలికి రక్తం ప్రధానంగా ఆ దారినే పోతుంది. మనిషికి మాత్రం మూడు నెలలు నిండేలోపు ముందు ధమని పెరిగి పని అందుకుంటుంది. వెనకది ఎండిపోయి, పై ముక్క మాత్రం కింది పిరుదు ధమనిగా మిగులుతుంది. కొత్త కాలువ తవ్వాక పాత కాలువ పూడిపోయి గుర్తుగా కాస్త మిగిలినట్టు.

కొన్ని వేల మందిలో ఒకరికి ఆ పాత కాలువ పూడదు. పుట్టాక కూడా పారుతూనే ఉంటుంది. లండనులో గ్రీన్ అనే వైద్యుడు 1832లో మొదటిసారి దీన్ని రాశాడు. ఇలాంటివారిలో ఆ ధమని కూర్చునే చోటికి దగ్గరగా ఉంటుంది. ఏళ్ల తరబడి బల్ల మీద, గట్టు మీద కూర్చుని ఒత్తిడి పడి గోడ ఉబ్బుతుంది. పిరుదులో కొట్టుకునే గడ్డలా చేతికి తగులుతుంది. కొందరిలో అందులో గడ్డకట్టిన రక్తం కాలి కిందికి జారి వేళ్లు నల్లబడతాయి. సెగ్గడ్డ అనుకుని ఎవరైనా కత్తి పెడితే ఏమవుతుందో చెప్పనక్కర లేదు. కొట్టుకునే గడ్డను ఎక్కడ ఉన్నా కోయనివ్వకూడదు.

దీన్ని పట్టడానికి యంత్రాల కన్నా ముందు చేతి వేళ్లు చాలునని డాక్టర్లు చెబుతారు. గజ్జలో నాడి చూస్తే అసలే తగలదు, తగిలినా నీరసంగా ఉంటుంది. మామూలుగా అలాంటివాడికి మోకాలి వెనకా, పాదం మీదా నాడి ఉండకూడదు. కాని మోకాలి వెనక వేలు పెడితే గట్టిగా కొట్టుకుంటూ ఉంటుంది.